పండిన కాయే రాలుతుంది: భూకంపాలకూ అగ్నిపర్వతాలకూ ఉన్న చుట్టరికం

2025 జులై 30న రష్యా తూర్పు కొసన, కమ్చట్కా తీరానికి కాస్త అవతల సముద్రం అడుగున 8.8 భూకంపం వచ్చింది. ఆ రోజే అక్కడి క్ల్యుచెవ్‌స్కోయ్ అగ్నిపర్వతం నిప్పులు కక్కుతున్న వీడియోలు ఫోన్లలో తిరగడం మొదలైంది. నాలుగు రోజులు గడిచాయో లేదో, ఆగస్టు 3న క్రషెనిన్నికోవ్ అనే ఇంకో కొండ బద్దలై బూడిదను ఆరు కిలోమీటర్ల ఎత్తుకు ఎగజిమ్మింది. అయిదారు శతాబ్దాలుగా ఉలుకూ పలుకూ లేని కొండ అది. భూమి అదిరింది, కొండ పేలింది. చూసేవాళ్లకు ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులోకి కూడా ఆ వీడియో వచ్చింది. దాని కింద మా పెద్దమ్మ వాయిస్ మెసేజ్: "ఒరేయ్, మొన్న మన ములుగుల భూమి అదిరింది గదా, ఇక్కడ గూడ గిట్ల నిప్పు లేస్తదా?" ఆమెది హనుమకొండ. 2024 డిసెంబరు 4న పొద్దున 7.27కు ములుగు జిల్లాలో 5.3 భూకంపం వచ్చినప్పుడు ఆమె వంటింట్లో ఉంది. షెల్ఫులో వరసగా బోర్లించిన స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయట. ఎలుక దూరిందేమోనని అటు తిరిగేలోపే ఆగిపోయిందట. ఎనిమిది నెలలైనా ఆ గలగల చెవిలో పోలేదు.

నవ్వి పక్కన పెట్టే ప్రశ్న కాదిది. 1835 ఫిబ్రవరి 20న చిలీలో వాల్దివియా పట్నం దగ్గర అడవిలో నడుం వాల్చిన ఓ ఇరవై ఆరేళ్ల ఇంగ్లిష్ కుర్రాడికి వీపు కింద నేల ఊగింది. పేరు చార్లెస్ డార్విన్. అదే భూకంపం కన్సెప్సియోన్ నగరాన్ని నేలమట్టం చేసింది. ఆ రోజుల్లోనే ఆండీస్‌లో కొన్ని అగ్నిపర్వతాలు రేగాయని అతను అక్కడివాళ్లను వాకబు చేసి రాసుకున్నాడు. 1838లో లండన్ జియలాజికల్ సొసైటీ ముందు, ఈ రెంటికీ మూలం ఒకటేనని వాదించాడు. భూమి పైపొర భూఫలకాలనే పెద్ద పెద్ద ముక్కలుగా ఉండి కదులుతుందన్న సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. అయినా మూలం ఒకటేనన్న మాట నిలబడింది. తేలనిది ఇంకోటి: ఒకటి రెండోదాన్ని లేపగలదా?

ముందుగా ఒక చిన్న సర్దుబాటు. మన పేపర్లు "రిక్టర్ స్కేలుపై తీవ్రత 5.3" అని రాస్తాయి. నిజానికి ఆ అంకె భూకంపం పరిమాణం, అంటే అక్కడ ఎంత శక్తి విడుదలైందో చెప్పేది. మనూళ్లో ఎంత ఊగిందన్నది తీవ్రత, అది ఊరూరికీ మారుతుంది. పరిమాణం ఒక అంకె పెరిగితే శక్తి దాదాపు 32 రెట్లు అవుతుంది. ఆ లెక్కన కమ్చట్కా భూకంపం ములుగు భూకంపం కన్నా లక్షన్నర రెట్లకు పైగా పెద్దది. రెంటినీ ఒకే మాటతో పిలవడమే మన గందరగోళంలో సగం.

ఒకే ఇంటి పిల్లలు

కమ్చట్కా దగ్గర పసిఫిక్ సముద్రపు అడుగునున్న భూఫలకం ఏడాదికి సుమారు 8 సెంటీమీటర్ల చొప్పున ఆ ద్వీపకల్పం కిందికి దూరుతోంది. నున్నగా జారిపోతే ఎవరికీ తెలిసేది కాదు. కానీ పై ఫలకాన్ని పట్టుకుని ఇరుక్కుపోతుంది, పోతూ పోతూ దాని అంచును కూడా కిందికి లాగుతుంది. వంచిన వెదురుబద్దలా పై ఫలకం ఏళ్ల తరబడి బిగుసుకుంటుంది. ఒకనాడు పట్టు తప్పుతుంది, బద్ద విదిలించుకుంటుంది. అదే భూకంపం. కమ్చట్కాలో 1952 నవంబరు 4న ఇలాగే 9.0 భూకంపం వచ్చింది. తర్వాత 73 ఏళ్లకు 2025 నాటిది. ఇదంతా పైనుంచి కొన్ని పదుల కిలోమీటర్ల లోతులోపు జరిగే వ్యవహారం.

ఆ దూరిన ఫలకం అక్కడితో ఆగదు. దిగుతూ దిగుతూ సుమారు వంద కిలోమీటర్ల లోతుకు చేరేసరికి, రాళ్లలోని ఖనిజాల్లో పట్టి ఉన్న సముద్రపు నీరు వేడికీ ఒత్తిడికీ బయటికి వచ్చేస్తుంది. చాలామందికి వింతగా అనిపించేది ఇక్కడే: అక్కడి రాయి కరగడానికి కారణం నిప్పు కాదు, నీరు. వేడి ముందునుంచీ ఉంది, రాయి మాత్రం గట్టిగానే ఉంది. నీరు చేరగానే కరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. ఉత్త బాణలిలో బెల్లం గడ్డ వేసి చూడండి, అంచులు మాడతాయే గాని గడ్డ కదలదు. రెండు చెంచాల నీళ్లు చిలకరిస్తే అదే మంట మీద పాకమైపోతుంది. రసాయనశాస్త్రం చదివినవాళ్లు ఈ పోలికను ఒప్పుకోకపోవచ్చు, బెల్లం కరిగేది వేరు, రాయి కరిగేది వేరు. కానీ నీళ్ల మహిమ అర్థమవుతుంది.

అలా కరిగిన మాగ్మా చుట్టూ ఉన్న రాయి కన్నా తేలిక కాబట్టి పైకి పాకుతుంది. సగం దారిలో ఆగుతుంది, అరలు అరలుగా నిలవ ఉంటుంది, కొంత అక్కడే చల్లారి గట్టిపడుతుంది. బయటికి వచ్చేది కొంతే. అది వచ్చేచోటు, పట్టు తప్పే అంచు నుంచి మామూలుగా వందా రెండు వందల కిలోమీటర్లు లోపలికి, నేల మీద ఉంటుంది. పసిఫిక్ చుట్టూ ఉన్న వలయంలోనే ప్రపంచంలోని భూకంపాల్లో దాదాపు 90 శాతం, అగ్నిపర్వతాల్లో ముప్పాతిక వంతు ఉన్నాయి. అక్కడ రెండూ పక్కపక్కనే కనిపించడానికి కారణం ఆ దూరే ఫలకమే. తల్లి ఒకటే, బిడ్డలు ఇద్దరు. ఒకడు దశాబ్దాలకోసారి ఒక్క నిమిషంలో విరుచుకుపడేవాడు, ఇంకొకడు వేల ఏళ్లు లోలోపల ఉడికేవాడు.

తల్లి ఒకటే అయినంత మాత్రాన ఇద్దరూ ఎప్పుడూ కలిసే తిరగరు. హిమాలయాలు చూడండి. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌ను 7.8 భూకంపం కూల్చేసింది. ఆ మంచుకొండల వరసలో రగులుతున్న అగ్నిపర్వతం ఒక్కటీ లేదు. అక్కడ భూఖండం భూఖండాన్ని గుద్దుకుంటోంది. నీళ్లు తాగిన సముద్రపు ఫలకం లోతుకు పోవడం లేదు, కరిగించేది లేదు. హవాయి దీనికి తిరగేసిన బొమ్మ. ఫలకాల అంచుకు వేల కిలోమీటర్ల దూరంలో, పసిఫిక్ నడిబొడ్డున కీలవేయ అనే అగ్నిపర్వతం దశాబ్దాలుగా లావా పారిస్తూనే ఉంది. అంచు లేకపోయినా అడుగు నుంచి వేడి రాయి పొంగుతోంది.

కొండ చేసే చప్పుడు

వార్తల్లో "భూకంపాల వల్ల అగ్నిపర్వతం బద్దలైంది" అని చదివినప్పుడు నాకు మొదట వచ్చే అనుమానం, ఆ వాక్యాన్ని తిరగేసి చదవాలేమో అని. ఎక్కువసార్లు తిరగేయాల్సిందే. అగ్నిపర్వతం దగ్గర వచ్చే భూకంపాలను చాలావరకు అగ్నిపర్వతమే చేస్తుంది.

ఐస్‌లాండ్‌లోని గ్రిండవీక్ అనే చేపలు పట్టేవాళ్ల ఊరి కథ ఇందుకు సరిగ్గా సరిపోతుంది. ఆ ఊరున్న ద్వీపకల్పంలో అప్పటికి ఎనిమిది వందల ఏళ్లుగా లావా రాలేదు. 2021 ఫిబ్రవరి చివర్లో మొదలై మూడు వారాల్లో సుమారు 50 వేల చిన్నాపెద్దా భూకంపాలు నమోదయ్యాయి, మార్చి 19న ఊరికి కొంత దూరంలో లావా పైకి వచ్చింది. 2023 నవంబరు 10 సాయంత్రం అదురు మళ్లీ ఉధృతమైంది. ఈసారి భూకంపాల చుక్కలు మ్యాపులో ఒక గీతలా సాగాయి, ఆ గీత సరాసరి ఊరి కిందికి వచ్చింది. కింద మాగ్మా నిలువు పలకలా రాయిని చీల్చుకుంటూ పోతోంది. చీలిన ప్రతిచోటా ఒక చిన్న భూకంపం. కొన్ని గంటల్లో దాదాపు 15 కిలోమీటర్ల చీలిక తయారైంది. ఆ రాత్రికి రాత్రే ఊళ్లో ఉన్న సుమారు 3,800 మందినీ ఖాళీ చేయించారు. వీధుల్లో నేల నెర్రెలిచ్చింది, ఆ నెర్రెల్లోంచి ఆవిరి లేచింది. లావా మాత్రం రాలేదు. డిసెంబరు 18 రాత్రి దాకా రాలేదు. వచ్చినప్పుడు ఊరికి ఉత్తరాన వచ్చింది. 2024 జనవరి 14న రెండోసారి వచ్చినప్పుడు ఊరి అంచుకు చేరి మూడు ఇళ్లను కాల్చేసింది. ఆ మూడు ఇళ్లూ అప్పటికి ఖాళీ.

ఇక్కడ భూకంపం చేసిన పని కొరియర్ బాయ్ పని. మాగ్మా ఎక్కడుందో, ఎటు పోతోందో కబురు తెచ్చింది.

ఈ కబుర్లలోనూ రకాలున్నాయి. రాయి ఫటాలున విరిగితే సీస్మోమీటర్ మీద గీత పదునుగా లేచి త్వరగా సద్దుమణుగుతుంది, మామూలు భూకంపంలాగే. రెండో రకం వేరు. ఇరుకు సందుల్లో గ్యాసు, ద్రవం కొట్టుకుంటున్నప్పుడు పుట్టే అదురు నెమ్మదిగా, గుమ్మెత్తినట్టు సాగుతుంది, గుడిగంట కొట్టాక మోత మిగిలినట్టు. కొన్నిసార్లు అది ఆగకుండా గంటల తరబడి నడుస్తుంది. అంటే దారి బిగుసుకుంది, వెనక నుంచి ఒత్తిడి పెరుగుతోందని అనుమానించాలి. కొలంబియాలో గలేరస్ కొండ మీద ఇలాంటి గీతలు స్క్రూ మర ఆకారంలో పడేవి. వాటికి అక్కడివాళ్లు పెట్టిన స్పానిష్ పేరుకు అర్థం కూడా స్క్రూ అనే. 1993 జనవరి 14న, కొండ పైపైకి ప్రశాంతంగా ఉందనుకుని బిలంలోకి దిగినవాళ్ల మీద అది పేలింది. ఆరుగురు శాస్త్రవేత్తలు, ముగ్గురు సందర్శకులు చనిపోయారు. ఆ స్క్రూ గీతలను ఈ రంగంలోవాళ్లు ఆ తర్వాత తేలిగ్గా తీసుకోలేదు.

చప్పుడు చేసిన ప్రతి కొండా పేలుతుందని కూడా కాదు. 2025 ఫిబ్రవరిలో గ్రీసులోని శాంటోరిని దీవి దగ్గర వేలాది భూకంపాలు వచ్చాయి, పెద్దది 5.3. పదకొండు వేల మందికి పైగా దీవి వదిలి పోయారు. మాగ్మా సముద్రం అడుగున రాయిలోకి చొచ్చుకొచ్చింది, అక్కడే ఆగిపోయింది. పేలలేదు. టెన్షన్ మాత్రం అంతా అనుభవించారు.

అమెరికాలో సెయింట్ హెలెన్స్ కొండది ఇంకో వింత. 1980 మార్చి 20న 4.2 భూకంపంతో లేచింది. లోపలికి చేరిన మాగ్మా కొండ ఉత్తరపు పక్కను రోజుకు మీటరున్నర చొప్పున బయటికి ఉబ్బించింది. రెండు నెలలు గడిచాక మే 18 ఉదయం 8.32కు 5.1 భూకంపం వచ్చింది, ఉబ్బిన పక్క మొత్తం కిందికి కూలిపోయింది. మూత ఊడిన సీసాలా కొండ పక్కవాటుగా పేలింది. 57 మంది చనిపోయారు. ఇందులో ఏది కారణం, ఏది ఫలితం? మాగ్మా భూకంపాలను పుట్టించింది, చివరి భూకంపం కొండను విప్పేసింది. ఎవరు ఎవరిని లేపారో గీత గీసి చెప్పడం కష్టం.

పెద్ద అదురు, పక్కన కొండ

ఇప్పుడు పెద్దమ్మ ప్రశ్నలోని అసలు ముడి. అగ్నిపర్వతంతో సంబంధం లేకుండా దూరంగా ఎక్కడో వచ్చిన పెద్ద భూకంపం ఒక కొండను లేపగలదా? లేపగలదు. కాదనలేని ఉదాహరణలు కొన్ని ఉన్నాయి.

1960 మే 22న చిలీలో 9.5 భూకంపం వచ్చింది. యంత్రాలతో కొలవడం మొదలయ్యాక మనిషి చూసినవాటిలో అదే పెద్దది. 38 గంటల్లో, మే 24న, ఆండీస్‌లో కోర్డోన్ కావుయె అనే అగ్నిపర్వతం నిలువునా చీలి లావా కక్కింది. 1975 నవంబరు 29 తెల్లవారకముందే హవాయిలో 7.7 భూకంపం వచ్చింది. గంట తిరక్కముందే కీలవేయ శిఖరం మీద లావా ఎగసింది, ఆ రాత్రికే ఆగిపోయింది. అంత చిన్న ఉద్గారం, అంత దగ్గరి ముహూర్తం.

వీటన్నిటికన్నా నాకు ఆసక్తిగా అనిపించేది జపాన్ కథ. 1707 అక్టోబరు 28న ఆ దేశపు దక్షిణ తీరమంతా పెద్ద భూకంపంతో ఊగిపోయింది. సరిగ్గా 49 రోజులకు, డిసెంబరు 16న, ఫ్యూజీ అగ్నిపర్వతం బద్దలైంది. వంద కిలోమీటర్ల అవతలి ఎడోలో, అంటే నేటి టోక్యోలో, పట్టపగలు దీపాలు పెట్టుకునేంత బూడిద కురిసింది. ఫ్యూజీ మళ్లీ ఇప్పటిదాకా బద్దలవలేదు. అయితే అంతకు నాలుగేళ్ల ముందు, 1703 డిసెంబరు 31న కూడా ఎడో దగ్గర పెద్ద భూకంపం వచ్చింది, ఫ్యూజీ పేలలేదు. కొండ అదే, భూకంపాలు రెండు, ఫలితాలు వేరు.

మామిడి కొమ్మను ఊపితే పండిన కాయ రాలుతుంది, పచ్చికాయ వేలాడుతూనే ఉంటుంది. ఈ విషయంలో తేలినదాన్ని ఇంతకన్నా దగ్గరగా చెప్పే పోలిక నాకు దొరకలేదు. ఊపు ఎంత పెద్దదన్నది ఒక లెక్క, కాయ ఏ స్థితిలో ఉందన్నది ఇంకో లెక్క.

ఊపు కొండలోపల చేసేదేమిటి? అందరూ చెప్పే పోలిక సోడా సీసాది: ఊపితే పొంగుతుంది కదా అని. అందులో సగమే నిజం. గోలీసోడాను ఎంత ఊపినా గోలీ బిగిసి ఉన్నంతసేపు లోపలి ఒత్తిడి పెద్దగా పెరగదు. బొటనవేలితో గోలీ నొక్కినప్పుడే బుస్సుమంటుంది. మాగ్మాలోనూ నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ వంటివి కరిగి ఉంటాయి. పైనున్న ఒత్తిడి తగ్గితే బుడగలై విడిపోతాయి, మాగ్మా నురగై పైకి తోసుకొస్తుంది. కాబట్టి భూకంపం గోలీ నొక్కే పని చేయాలి, అంటే రాయిలో దారి తెరవాలి లేదా పైబరువు తగ్గించాలి.

సముద్రపు అంచులో పెద్ద పట్టు తప్పినప్పుడు పై ఫలకం సముద్రం వైపు సాగుతుంది. 2011 మార్చి 11న 9.0 భూకంపంలో జపాన్ తీరంలో కొన్నిచోట్ల నేల తూర్పుకు అయిదు మీటర్లకు పైగా జరిగింది. అలా సాగినప్పుడు మాగ్మా దారుల మీద బిగింపు సడలుతుంది. ఇది ఉండిపోయే మార్పు, నెలలూ ఏళ్లూ పనిచేస్తుంది. రెండోది దాటిపోయే మార్పు: భూకంప తరంగాలు వందల కిలోమీటర్లు పోయి, ఆ కొద్ది నిమిషాల్లో బుడగల్నీ సందుల్లోని ద్రవాల్నీ కుదిపి వెళ్లడం. కీలవేయ లాంటి దగ్గరి సందర్భాల్లో మొదటిది, దూరపు సందర్భాల్లో రెండోది ఎక్కువ పనిచేస్తుందని అనుకోవచ్చు.

మరి అదే 2011లో జపాన్ కొండలన్నీ బద్దలవ్వాలి కదా? బద్దలవలేదు. ఉపగ్రహాల కొలతలు తీస్తే, జపాన్ ప్రధాన దీవి హోన్షూలోని కొన్ని అగ్నిపర్వతాల దగ్గర నేల పైకి లేవడానికి బదులు 15 సెంటీమీటర్ల దాకా కుంగింది. 2010లో చిలీని కుదిపిన 8.8 భూకంపం తర్వాత అక్కడి కొండలూ ఇలాగే కుంగాయి. నేల సాగినప్పుడు వేడికి మెత్తబడి ఉన్న రాయి కిందికి దిగడమో, లోపలి వేడినీళ్లూ ఆవిర్లూ చీలికల గుండా జారిపోవడమో జరిగి ఉండాలి. ఏ సాగడం గోలీని నొక్కగలదో అదే సాగడం సీసాలో గ్యాసును చల్లగా వదిలేయనూ గలదు. 2011 మార్చి 15న ఫ్యూజీ పాదాల దగ్గరే ఆరుకు మించిన భూకంపం వచ్చింది. దేశమంతా ఊపిరి బిగబట్టింది. ఫ్యూజీ కదల్లేదు.

లెక్క పెట్టేటప్పుడు

ప్రపంచంలో ఏ రోజు చూసినా నలభై యాభై అగ్నిపర్వతాలు ఎంతో కొంత రగులుతూనే ఉంటాయి. 7కు మించిన భూకంపాలు ఏడాదికి సగటున పదిహేను దాకా వస్తాయి. ఒక్కోదాని తర్వాత వారం రోజులు కాపలా కాస్తే, ఏడాదిలో పదిహేను వారాలు "భూకంపం తర్వాతి వారాలే". ఆ వారాల్లో ఎక్కడో ఒక కొండ పేలక మానదు. పేలిందాన్ని గుర్తు పెట్టుకుంటాం, పేలని పధ్నాలుగింటిని మరిచిపోతాం. మా ఇంట్లో పిల్లి ఎదురైన రోజుల లెక్క కూడా ఇలాగే నడిచేది.

కమ్చట్కాలో క్ల్యుచెవ్‌స్కోయ్ భూకంపానికి ముందే రాజుకుని ఉంది. దాన్ని భూకంపం ఖాతాలో పూర్తిగా రాయలేం. క్రషెనిన్నికోవ్ సంగతి వేరు. వందల ఏళ్ల నిద్ర, ఆపై నాలుగు రోజుల తేడా. అదే వరసలో 1952 భూకంపం తర్వాత కూడా కురిల్ దీవుల్లో తావో రుసిర్ అనే కొండ వారం రోజులకే బద్దలైంది. ఈసారీ భూకంపమే చివరి తోపు తోసిందనే నేను మొగ్గుతాను. కానీ ఆ కొండ లోపల మాగ్మాను ఆ నాలుగు రోజుల్లో భూకంపం వండలేదు. అది ఎప్పటినుంచో ఉడుకుతూ ఉండాలి.

ఇలాంటి కాకతాళీయాలను తీసేసి లెక్కలు కట్టినవాళ్లున్నారు. పెద్ద భూకంపం తర్వాత ఒకటి రెండు రోజుల్లో, కొన్ని వందల కిలోమీటర్ల దూరంలో జరిగే విస్ఫోటాలు యాదృచ్ఛికంగా జరగాల్సినవాటి కన్నా ఎక్కువేనని 1998లో తేలింది. 2006లో వచ్చిన ఇంకో లెక్క ప్రకారం, దూరపు పెద్ద భూకంపం వచ్చిన కొద్ది రోజుల్లో జరిగేవి మొత్తం పేలుళ్లలో సుమారు 0.4 శాతం. అంటే వెయ్యికి నాలుగు. సంబంధం ఉందనేవాళ్లూ గెలిచారు, భయపడక్కర్లేదనేవాళ్లూ గెలిచారు.

ఫిలిప్పీన్స్‌లో పినటుబో ఈ లెక్కలకు అందదు. 1990 జులై 16న లుజోన్ దీవిలో 7.7 భూకంపం వచ్చింది, కొండకు సుమారు వంద కిలోమీటర్ల దూరంలో. 1991 ఏప్రిల్ 2న అయిదు వందల ఏళ్ల నిద్ర చాలించి కొండ ఆవిరి చిమ్మింది, జూన్ 15న ఇరవయ్యో శతాబ్దపు అతి పెద్ద విస్ఫోటాల్లో ఒకటిగా పేలింది. మధ్యలో పదకొండు నెలలు. భూకంపమే కారణమని ఎవరైనా గట్టిగా చెబితే నమ్మను, కాదని గట్టిగా చెప్పినా నమ్మను. ప్రజలను కాపాడింది మాత్రం ఆ పెద్ద భూకంపం గురించిన చర్చ కాదు. ఏప్రిల్ నుంచి కొండ కింద వచ్చిన చిన్న చిన్న అదుర్లను, గ్యాసు కొలతలను రాత్రింబగళ్లు చూస్తూ కూర్చున్న మనుషులు. మే నెలాఖరుకు పదింతలు పెరిగిన గ్యాసు జూన్ మొదట్లో హఠాత్తుగా తగ్గింది. తగ్గింది కదా అని వాళ్లు సంతోషించలేదు, దారి మూసుకుందని అనుమానించి జనాన్ని కదిలించారు.

మనకు దగ్గర్లో

భారతదేశంలో ఇప్పటికీ రగిలే అగ్నిపర్వతం ఒక్కటే, అండమాన్‌లోని బ్యారెన్ ఐలండ్. పోర్ట్ బ్లెయిర్‌కు, అంటే ఇప్పటి శ్రీ విజయపురానికి ఈశాన్యంగా దాదాపు 140 కిలోమీటర్లు. శ్రీకాకుళం వైపు నుంచి తరాల కింద వెళ్లి స్థిరపడ్డ తెలుగువాళ్లు ఆ ఊళ్లో బాగా ఉన్నారు. 2004 డిసెంబరు 26 ఆదివారం నాటి 9.1 భూకంపం సుమత్రా నుంచి అండమాన్ దాకా 1,200 కిలోమీటర్లకు పైగా సముద్రం అడుగును చీల్చింది. ఆ సునామీ మన కోస్తాలోనూ వంద మందికి పైగా ప్రాణాలు తీసింది. అయిదు నెలలకు, 2005 మే చివర్లో, బ్యారెన్ ఐలండ్ మళ్లీ లేచింది.

భూకంపమే లేపిందా? అంత తేలిక కాదు. ఆ దీవి దాదాపు ఒకటిన్నర శతాబ్దం నిద్రపోయి 1991లో లేచింది, 1994లో మళ్లీ లేచింది. ఆ రెండు సార్లూ పక్కన 9 భూకంపం ఏదీ లేదు. లేవడం అలవాటైన కొండ 2005లో కూడా లేచింది. భూకంపం కాస్త తొందరపెట్టి ఉండొచ్చు, అంతే. అదే భూకంపం తర్వాత బారాటాంగ్ దీవిలో బురద అగ్నిపర్వతాలు కూడా బుసకొట్టాయి. పేరు చూసి భయపడతారు గానీ వాటిలో మాగ్మా లేదు, గ్యాసు ఒత్తిడికి పైకి వచ్చే చల్లటి బురద. భూకంపం అలాంటివాటిని ఇంకా సులువుగా కదిలిస్తుంది.

ఇక ములుగు. గోదావరి లోయ పొడవునా భూమిలో చాలా పాత పగుళ్లున్నాయి, వాటిలో పేరుకున్న ఒత్తిడి అప్పుడప్పుడు సర్దుకుంటుంది. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది కూడా అందుకే. ఆ పగుళ్ల కింద దూరే ఫలకం లేదు, కరిగించే నీరు లేదు, నిలవ ఉన్న మాగ్మా లేదు. ఊపడానికి కొమ్మ ఉంది, కాయ లేదు. పెద్దమ్మకు ఇదే చెప్పాను. "అయితే మనకు లావా రానే రాదంటవ్" అంది. వచ్చి వెళ్లిపోయింది అన్నాను.

రాజమండ్రి ఆనుకుని కాటేరులో, గోదావరికి ఇవతల గౌరీపట్నం, దుద్దుకూరు వైపు క్వారీల్లో తవ్వే నల్లరాయి లావానే. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటిది. రెండు లావా పొరల మధ్య సున్నపురాయిలో ఆల్చిప్పలు దొరుకుతాయి, అప్పుడు అక్కడిదాకా సముద్రం ఉండేది. ఆ రాయి రసాయన గుణాలు పడమటి కనుమల్లోని దక్కన్ లావా పైపొరలతో కలుస్తాయి. అంటే వెయ్యి కిలోమీటర్ల దూరం పాత నదీలోయల వెంట పారి వచ్చిందన్నమాట.

ఆ కాలంలోనే మెక్సికోలోని చిక్షులూబ్ దగ్గర రాక్షసబల్లుల కథ ముగించిన గ్రహశకలం పడింది. భూమి మొత్తాన్ని ఊపేసిన ఆ అదురే దక్కన్ లావాను ఒక్కసారిగా ఉధృతం చేసిందని, ఆ పైపొరలు దాని ఫలితమేనని 2015లో కొందరు అమెరికన్ శాస్త్రవేత్తలు వాదించారు. 2019లో ఆ పొరల వయసు తేల్చడానికి రెండు బృందాలు వేరు వేరు పద్ధతులతో కొలిస్తే రెండు రకాల జవాబులు వచ్చాయి. వాదన ఇంకా నడుస్తోంది. అందరూ ఒప్పుకునేది ఒకటుంది: శకలం పడేనాటికే దక్కన్‌లో లావా లక్షల ఏళ్లుగా పారుతోంది.

ఈ సంగతంతా వాయిస్ మెసేజ్‌లో చెప్పేసరికి ఆరు నిమిషాలైంది. పెద్దమ్మ పూర్తిగా వినిందో లేదో తెలియదు. జవాబు మాత్రం వచ్చింది: "గా నల్లరాయేనారా, మన ఇంటి స్లాబుల పోసిన కంకర?" ఆ ఇంటి కంకర ఏ క్వారీదో నాకు తెలియదు. హనుమకొండ చుట్టుపక్కల దొరికేది ఎక్కువగా గ్రానైటు.